పాకం దేవయ్య పత్యం

సంగతి ముందుగా చీమలే చెప్పాయి. కానీ బెల్లం వండేవాడి ఇంట్లో చీమల మాట ఎవరు వింటారు?

దేవయ్య ఎల్లారెడ్డి పక్క పల్లెలో చెరుకు గానుగ దగ్గర పాకం పట్టేవాడు. పోచారం కాలువ కింద ఆ రోజుల్లో చెరుకు బాగా పండేది. గానుగ రుక్మాబాయిది, పొయ్యి రుక్మాబాయిది, నలుగురు పట్టి దించే ఇనుప పెనం కూడా రుక్మాబాయిదే. పాకం మాత్రం దేవయ్యది అనేవారు ఊళ్లో. రసం ఎప్పుడు మరిగింది, ఎప్పుడు చిక్కబడింది, పెనం ఏ క్షణాన దించాలి అన్నది ఆయనకే తెలుసు. రెప్పపాటు ముందు దించితే ముద్ద కట్టదు, రెప్పపాటు ఆలస్యమైతే మాడి బొగ్గవుతుంది. ఆయన దించిన బెల్లం కామారెడ్డి గంజ్‌లో బండి ఎద్దుల్ని విప్పకముందే అమ్ముడుపోయేది.

అలాంటి మనిషి ధోతికి ఎక్కడో ఒకచోట బెల్లం అంటుకునే ఉంటుంది. అందుకే దడి పక్కన ఆయన ఒంటికి పోయిన చోట చీమలు బారులు తీరితే భార్య లింగవ్వ పెద్దగా పట్టించుకోలేదు. "ధోతి ఈడ దులిపినవా ఏంది?" అని అడిగి ఊరుకుంది. తర్వాత ఆయన కడవెడు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. పొయ్యి వేడి అనుకున్నారు. మనిషి చిక్కిపోయాడు. పని ఎక్కువైంది అనుకున్నారు. గానుగ కాలం అయిపోయి, పెనం కడిగి బోర్లించాక కూడా కడవలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. అరికాళ్లు మండుతున్నాయని ఆయన తడి నేల వెతుక్కుని నిలబడేవాడు. అప్పుడు లింగవ్వ గుండెల్లో రాయి పడింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని ఎల్లారెడ్డికి, జిలానీ హకీం దగ్గరికి నడిచింది.

హకీం నాడి పట్టాడు, నాలుక చూశాడు, చీమల మాట అడిగాడు. లింగవ్వ చెప్పగానే గడ్డం దువ్వుకుని మెల్లగా అన్నాడు.

"షక్కర్ బీమారి. పట్నంల పెద్ద దవాఖానల దీనికి సూది మందు ఉన్నదట. దినాం గుచ్చుకోవాలె. అది నీకూ అందదు, నాకూ అందదు. మనకు అందేది నోరు కట్టుకునుడే. బువ్వ బంద్. బెల్లం బంద్. కల్లు బంద్."

దారి పొడుగునా ఆలుమగలిద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. బెల్లం దేవయ్యకు ఎలాగూ మొహం మొత్తింది. కల్లు మానేయడం కష్టమే కానీ చచ్చేంత కష్టం కాదు. ఇక బువ్వ! వరి బువ్వ వాళ్లింట్లో పండుగ నాడు కదా ఉడికేది. మిగతా దినాలన్నీ జొన్న రొట్టె, జొన్నలు దంచి వండిన గట్కే. "గింతేనా పత్యం? నేను పుట్టినకాడికెళ్లి పత్యమే చేస్తున్న గద!" అన్నాడు దేవయ్య. లింగవ్వ ఆ సంతోషంలో రోజూ ఒక రొట్టె ఎక్కువ కొట్టి పెట్టింది. నీరసంగా ఉన్నాడు, తింటే బలం వస్తుందని పొద్దున గట్క, మధ్యాహ్నం గట్క, మాపటికి రొట్టెలు. తింటున్న కొద్దీ మనిషి ఎండిపోయాడు.

మళ్లీ హకీం దగ్గరికి పోయారు. లింగవ్వ ఈసారి కోపంగానే పోయింది. బువ్వ ముద్ద ముట్టలేదు సాబ్, నీ మాట పని చేయలేదు అంది. "మరేం తింటున్నడు?" అన్నాడాయన. ఆమె చెప్పింది. హకీం సాబ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో తిండి అంటే వరి. జొన్నల సంగతి ఆయనకు తోచనే లేదు, అడగాలని వీళ్లకూ తోచలేదు.

"తప్పు నాదే తల్లీ. గింజ అంటే అన్నీ గింజలే. జొన్న, మక్క, సజ్జ, అన్నీ బంద్. కూర తినిపియ్యి. యాట కూర, కోడి, చాపలు, గుడ్లు, సల్ల, ఆకుకూరలు. కడుపు నిండ తినిపియ్యి. గింజ మాత్రం పంటికి తగలొద్దు."

లోకంలో పత్యం అంటే నీసు మానడం. జ్వరం వస్తే కోడి బంద్, పురుడైతే చేప బంద్. ఇదేమి పత్యమో, నీసే తినాలట! బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు. లింగవ్వ ఇంట్లో సామెత తిరగబడింది. బతకాలంటే యాట కూర తినాలి. సంవత్సరానికి నాలుగు పండుగలకు పోగు మాంసం కొనుక్కునే ఇంట్లో ఆ కూర ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కడి నుంచి వచ్చిందో లింగవ్వ ముసలితనంలో కూడా ఒక్కటొక్కటిగా చెప్పేది, చెప్పినప్పుడల్లా చేతులు జోడించేది. మొట్టమొదట ఖుద్దూస్ పేరు. గానుగ బెల్లం కామారెడ్డికి తోలే బండి అతనిదే. సంగతి విన్నాడు. గంజ్ నుంచి తిరిగి వచ్చే బండిలో మోదుగాకుల మూట ఒకటి తెచ్చి లింగవ్వ గడపలో పెట్టాడు. విప్పితే మేక తలకాయ, నాలుగు కాళ్లు, ఇంత బోటి.

"కామారెడ్డి కసాబు మా మేనమామ కొడుకు. గివి ఆడ ఎక్కువ మంది కొనరు అక్కా. నువ్వు కొన్నట్టు అనుకోకు, నేను ఇచ్చినట్టు అనుకోకు. బండి ఖాళీగ రావద్దని తెచ్చిన" అన్నాడు.

తలకాయ కాల్చి గీకడం, కాళ్లు పగలగొట్టి పొద్దంతా ఉడికించడం ఖుద్దూస్ భార్య జన్నత్ బీ నేర్పింది. ఆమె వచ్చి పొయ్యి ముందు కూర్చుని, "గిట్ల కాదు, గిట్ల" అని చెయ్యి పట్టి చూపించింది. చెరువు ఎండే కాలంలో లింగవ్వ బురదలో దిగి చేతులతో చేపలు తడిమి పట్టింది, పొలం గట్ల బొక్కల్లో ఎండ్రికాయలు తీసింది. పుంటికూర, తోటకూర, చింతచిగురు, ఏది దొరికితే అది బోటిలో వేసి వండింది. కోళ్లను పెంచింది. గద్ద ఒకదాన్ని ఎత్తుకుపోతే గద్ద వంశాన్ని ఏడు తరాల దాకా తిట్టింది.

మొదట్లో దేవయ్య చంటిపిల్లవాడికన్నా ఎక్కువ సతాయించాడు. తల పోటు అన్నాడు, చేతులు వణుకుతున్నాయన్నాడు. కడుపు నిండినా తిన్నట్టు లేదన్నాడు. పక్కింట్లో రొట్టె కొట్టే చప్పుడు వినిపిస్తే నములుతున్న ఎముక పక్కన పెట్టి గోడకేసి చూసేవాడు. తినగా తినగా గారెలు చేదు అన్నారు కదా, కూర కూడా అంతే. "జెర ఇంత గట్క, లింగీ. గోటంత" అని బతిమాలేవాడు. ఆమె కండ్లెర్ర చేసేది. ఆయన ముందు జొన్న రొట్టె కొట్టడమే మానేసింది. తన రొట్టె తాను పక్కింటి పొయ్యి మీద కాల్చుకుని, అక్కడే నిలబడి తిని, మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చేది.

ఊరి నోరు ఊరికే ఉంటుందా? జొన్న గట్కకు తిప్పలు పడే ఇంటి నుంచి రోజూ కూర వాసన వస్తుంటే వాడకట్టు ముక్కులన్నీ అటే తిరిగాయి. లంకెబిందె దొరికిందన్నారు. బెల్లంలో చేతివాటం చూపాడన్నారు. లింగవ్వ ఆ మాటలు పట్టించుకోలేదు. ఎందుకంటే కడవ నీళ్లు మళ్లీ సాయంత్రం దాకా నిలుస్తున్నాయి. అరికాళ్ల మంట తగ్గింది. మనిషి బుగ్గలు లోతుకుపోవడం ఆగింది. వానలు పడే నాటికి దడి పక్కన చీమలు లేవు. ఆ తడి నేల చూసి ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది. దుఃఖంతో కాదు.

చీమలు పోయాయి కానీ చెరుకు పెరిగింది.

ఇక్కడ గానుగ ఆచారం ఒకటి చెప్పాలి. పెనానికి పూజ చేసి పొయ్యి ముట్టించిన నాటి నుంచి, కాలం అయిపోయి పెనం కడిగే దాకా పాకం పట్టేవాడు నీసు ముట్టకూడదు. నీసు తిన్నవాడు పెనం దగ్గరికి వస్తే పాకం విరుగుతుందని నమ్మకం. దేవయ్య తండ్రి అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. నాలుగు నెలలు ఒట్టి గట్క తిని బెల్లం వండేవారు. పెనం కడిగిన నాడే యాట కోసేవారు.

చెరుకు కోతకు వచ్చిందనగానే దేవయ్య కూర గిన్నె పక్కకు జరిపాడు.

"ఇగ చాలు. నాకు గట్క వండు."

"హకీం సాబ్ ఏమన్నడు?" అంది లింగవ్వ.

"హకీం సాబ్ బెల్లం వండుతడా? నా అయ్య నీసు ముట్టి పెనం ముట్టిండా? నేను ముడితే ఊరంత పండించిన చెరుకు పాడైతది. గా పాపం నేను మొయ్యలేను."

"నువ్వు చస్తే గా పాపం ఎవరు మోస్తరు?"

"నాలుగు నెలలకు చస్తనా?"

"పోయినసారి ఎన్ని నెలలకు ఎండిపోయినవో మరిచినవా?"

"పెనం విడిచిపెడితే నేనెవర్ని? పాకం దేవయ్యను కాకపోతే ఉత్త దేవయ్యను. గా బతుకు నాకెందుకు?"

ఆమెకు ఒళ్లు మండింది. అరిచింది, తిట్టింది, గిన్నె విసిరింది. ఆయన మాత్రం దిగిరాలేదు. పొయ్యి ముట్టించక ముందే ఒళ్లు శుద్ధి కావాలని కూర మానేసి, గట్క తిన్నాడు. ఎన్ని నెలల ఆకలో ఏమో, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కొన్నాళ్లకే కడవ మళ్లీ మధ్యాహ్నానికి ఖాళీ అయింది. ఒకనాడు పొద్దున లింగవ్వ చీపురు పట్టుకుని దడి పక్కకు పోయింది. సన్నగా, నల్లగా, గీత గీసినట్టు చీమలు వచ్చి ఉన్నాయి.

చీపురు అక్కడే వదిలేసి ఆమె తిన్నగా రుక్మాబాయి ఇంటికి నడిచింది.

రుక్మాబాయి మద్నూర్ వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఆమె మాటలో ఇప్పటికీ మరాఠీ యాస ఉంది. మెడలో తులసి మాల. మొగుడు పోయాక పండరికి పోయి వేసుకున్న మాల అది. ఆ ఇంట్లో ఉల్లిగడ్డ కూడా లోపలికి రాదు. వీధిలో చేపల గంప పోతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు వేసుకునే మనిషి. అలాంటి మనిషి ముందు నిలబడి మేక తలకాయల ముచ్చట చెప్పాలి. నిజం చెబితే దేవయ్యకు ఈ ఏడు కాదు, ఏ ఏడూ పెనం దక్కకపోవచ్చు. చెప్పకపోతే దేవయ్యే దక్కడు. పిట్లం నుంచి ఒక పాకం మనిషి తాను వస్తానని రుక్మాబాయికి కబురు పెట్టిన సంగతి కూడా ఊరంతా తెలుసు.

చెప్పేసింది. చీమలు, హకీం, జొన్నల పొరపాటు, ఖుద్దూస్ మూట, బోటి, ఎండ్రికాయలు, ఏదీ దాచలేదు. రుక్మాబాయి కొంగు ముక్కు దాకా పోయింది కానీ అక్కడే ఆగింది.

"నీసు తింటే బతుకుతడా?"

"బతికిండు అవ్వా. నా కండ్లతోని చూసిన."

"మానేస్తే?"

లింగవ్వ తల అడ్డంగా ఊపింది.

రుక్మాబాయి కూర్చున్న చోటనే తులసి పూసలు ఒక చుట్టు తిప్పింది. తర్వాత లేచి లోపలికి పోతూ, "పోయి కూర వండు. ముట్టనంటే నేను చెప్పిన అని చెప్పు. పెనం పూజ నాడు మాత్రం రమ్మను" అంది.

పూజ నాటి దాకా దేవయ్య కూర తిన్నాడు. రుక్మాబాయి మాట కాదనలేక తిన్నాడు కానీ ప్రతి బుక్కా తన పనికి కర్మకాండ చేస్తున్నట్టే తిన్నాడు. తనను అందరి ముందు సాగనంపడానికే పిలుస్తోందని ఆయన నమ్మకం. లింగవ్వకూ లోపల అదే భయం. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని గానుగ దగ్గరికి పోయారు.

పెనానికి పసుపు పూశారు. ఎద్దులు గానుగ చుట్టూ తిరుగుతున్నాయి, రసం కుండల్లోకి పడుతోంది. రుక్మాబాయి చేతిలో సున్నం గిన్నె పట్టుకుని పొయ్యి చుట్టూ తిరిగి నేల మీద తెల్లగా గీత గీసింది. గీతకు ఇవతల, గాలి వచ్చే వైపున, తన ఇంటి నుంచి తెప్పించిన నులక మంచం వేయించింది.

"దేవయ్యా, వచ్చి గీడ కూర్చో."

పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే వెంకటి ముందుకు వచ్చాడు. పోయిన ఏడు దేవయ్య పక్కకు పోయినప్పుడు ఒక వంట అతని చేతిలో నల్లగా మాడింది. అయినా నోటికి తక్కువ లేదు.

"అవ్వా, గాయన నీసు తింటుండు. ఊరంత తెలుసు. పాకం విరుగుతది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రుక్మాబాయి అతని వైపు తిరిగింది. "నీసు తిన్నోడు పెనం కాడికి రావద్దు. గదే గద ఆచారం? ఆయన రాడు. గీత దాటడు. గరిటె ముట్టడు. గరిటె నువ్వు పట్టు. దూరంకెళ్లి చూడొద్దు, చెవితోని వినొద్దు అని ఏ ఆచారంల ఉన్నదిరా? ఉంటే చెప్పు, నేను కూడ నేర్చుకుంట."

వెంకటి గరిటె అందుకున్నాడు.

పొయ్యి మండింది. రసం పోశారు. పొంగు మీద మురికి తేలింది, బెండ కాడల జిగురు వేసి తీశారు. దేవయ్య మంచం అంచున కూర్చున్నాడు. ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇంత దూరం నుంచి పెనం లోపల ఏమీ కనబడదు, ఆవిరి ఒక్కటే కనబడుతుంది. కొంతసేపటికి ఆయన కండ్లు మూసుకున్నాడు. లింగవ్వ మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఈ వంట పాడైతే పాపమంతా నీసు మీదికే పోతుందని, రేపటి నుంచి ఈ మనిషి గట్క తప్ప ఏదీ ముట్టడని ఆమెకు తెలుసు. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. తెలియని దేవుళ్లకు కూడా మొక్కింది.

రసం ముందు గలగలమని మరిగింది. తర్వాత చప్పుడు బరువెక్కింది. "మంట తగ్గియ్యి" అన్నాడు దేవయ్య కండ్లు తెరవకుండానే. వెంకటి తగ్గించాడు. ఇప్పుడు పెనం గుబగుబమంటోంది. గాలిలో పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వచ్చింది. అందరూ దేవయ్య వైపే చూస్తున్నారు. బుడగ పగిలే చప్పుడు ఒక్కటి, ఆగి మరొకటి, నెమ్మదిగా వినపడింది.

"దించు!"

నలుగురూ పెనం దించారు. వెంకటి చుక్క తీసి నీళ్లలో వేశాడు. వేలితో నొక్కి చూసి, ఆ చిన్న ఉండను అందరికీ కనబడేలా పైకెత్తాడు. మెత్తగా, గుండ్రంగా, తేనె రంగులో ఉంది. నోటి దూల మనిషే కానీ అబద్ధం ఆడలేదు, ఆ పుణ్యం అతనికి ఇవ్వాలి.

దేవయ్య మంచం మీద కూర్చునే భోరున ఏడ్చాడు. లింగవ్వ ఆయన్ని ఊరుకోబెట్టలేదు. తానే ఏడుస్తోంది.

కాలపు మొదటి ముద్ద పాకం పట్టినవాడికి ఇవ్వడం కూడా గానుగ ఆచారమే. రుక్మాబాయి ముద్ద తీసి చేతిలో పట్టుకుంది. ఆయన వైపు చూసింది, ముద్ద వైపు చూసింది. తర్వాత దాన్ని గిన్నెలో పెట్టేసి ఇంటికి వెళ్లిపోయింది. దేవయ్య దాని గురించి ఏమీ అనుకోలేదు. పెనం దక్కింది, ప్రాణం దక్కింది, ముద్ద దక్కకపోతేనేం? లింగవ్వకు మాత్రం చివుక్కుమంది. తినకపోయినా చేతికైనా ఇవ్వాల్సింది అనుకుంది. ఎంత పొందినా ఇంకొంత కావాలనుకునేది కదా మనసు.

పొద్దు వాలుతుండగా లింగవ్వ గడప ముందు కూర్చుని పుంటికూర తెంపుతోంది. వీధిలో ఏదో కలకలం. తలెత్తి చూస్తే జనం తలుపుల్లో నిలబడి నోళ్లు తెరిచి చూస్తున్నారు. రుక్మాబాయి నడిచి వస్తోంది. రెండు చేతులతో, పసిబిడ్డను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకుని, ఎర్రటి కోడిపెట్టను పట్టుకుని వస్తోంది.

కోడిని కాళ్లు పట్టి తలకిందులుగా మోస్తారని ఆమెకు తెలియదు. ఎలా తెలుస్తుంది? జన్మలో ముట్టలేదు. అది రెక్కలు కొట్టుకుంటోంది, అరుస్తోంది, ఆమె తెల్లటి చీర మీద చేయవలసిందంతా చేసింది. జన్నత్ బీ దగ్గర కొన్నదట. తెచ్చి ఇస్తానని జన్నత్ బీ అంటే, వద్దు, ఇది నా చేతులతోనే ఇయ్యాలె అందట.

లింగవ్వ ఆకులు కింద పడేసి లేచింది. లోపలి నుంచి దేవయ్య వచ్చి కొయ్యబారిపోయాడు.

"మొదటి ముద్ద పాకం పట్టినోనిది" అంది రుక్మాబాయి ఆయాసంతో. "గా ముద్ద నీకు విషమైతే నేనేం చెయ్యాలె? ముద్ద మార్చాలె గని ఆచారం ఎట్ల మారుస్త? నా ముందట కొయ్యకుండ్రి. నేను పోయినంక వండు, లింగవ్వా. నిండ తినిపియ్యి."

లింగవ్వ ఆమె కాళ్ల మీద పడబోయింది. రుక్మాబాయి గబుక్కున వెనక్కి జరిగింది.

"కాళ్లు తర్వాత మొక్కుదువు గని, ముందు దీన్ని పట్టవే. గీకి పెడుతున్నది!"

లింగవ్వ కోడిని అందుకుంది. రుక్మాబాయి మణికట్టు నిండా ఎర్రటి గీతలు. లింగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, దేవయ్య చూస్తుండగా, ఆ చేతుల మీద మెల్లగా పోసింది.